పాటకూ పాటకూ మధ్య వినిపించేది

అమెరికా రాక్ బృందం ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ 1971 జూలైలో విడుదల చేసిన ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ అనే రెండు రికార్డుల ఆల్బంలో నాలుగో వైపు మొత్తాన్నీ ‘విప్పింగ్ పోస్ట్’ అనే ఒక్క పాటే ఆక్రమించుకుంటుంది. 23 నిమిషాలు సాగిన ఆ పాట ముగిసి, చప్పట్లు మిన్నంటుతున్నా, డ్రమ్మర్ బుచ్ ట్రక్స్ టింపనీల (పెద్ద గిన్నె డోళ్ల) మోతను ఆపరు. ఆ మోత మీద గిటారు ఒక కొత్త బాణీని మెల్లగా తడుముతుంది. అది ఏమిటో మనకు తెలిసేలోపే ధ్వని సన్నగిల్లి రికార్డు ముగిసిపోతుంది. ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ అక్కడి నుంచి ఎటు వెళ్లిందో తెలుసుకోవడానికి శ్రోతలు 1972లో ‘ఈట్ ఎ పీచ్’ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. అందులోని ‘మౌంటెన్ జామ్’ ఆ తడుములాటకు కొనసాగింపే. 33 నిమిషాలకు పైగా సాగే ఆ జామ్ (అప్పటికప్పుడు కలిసి అల్లే వాయింపు) రికార్డు ఒక వైపున పట్టకపోవడంతో రెండు ముక్కలు చేసి రెండు వైపులా ఇచ్చారు. ఈ రెండు ఆల్బంల మధ్య కాలంలోనే, 1971 అక్టోబరు 29న, జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగి బ్యాండ్ గిటారిస్టు డ్వేన్ ఆల్మన్ మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 24 ఏళ్లు.

జామ్ బ్యాండ్ల మీద నాకున్న ప్రేమంతా ఇటువంటి చోట్లనే పుట్టింది. ఒక పాట అయిపోయి మరొకటి ఇంకా మొదలుకాని ఆ సందులో, ఎవరు ముందు అడుగు వేస్తారో, మిగిలినవారు దాన్ని అందుకుంటారో లేదో ఎవరికీ తెలియని ఆ కొద్ది క్షణాల్లో, ఒక బ్యాండ్ సత్తా ఏమిటో తేలిపోతుంది. ఈ సంగీతం గురించి మాట్లాడే చాలామంది గిటారు వేగాన్నీ పాట నిడివినీ కొలుస్తారు. నేను ఈ సంగీతకారులను అన్నిటికన్నా ముందు గొప్ప శ్రోతలుగా గౌరవిస్తాను. గాయకుడు తరువాత వేయబోయే సంగతిని ముందే పసిగట్టి, దానికి చోటు వదిలి, సరిగ్గా అది పడిన క్షణానికి దెబ్బ వేసే మృదంగ విద్వాంసుడిని చూసినవారికి నేను చెబుతున్నది వెంటనే అర్థమవుతుంది.

ఫిల్‌మోర్ ఈస్ట్ న్యూయార్క్‌లో బిల్ గ్రాహం నడిపిన నాటకశాల. 1971 మార్చిలో నిర్మాత టామ్ డౌడ్ పర్యవేక్షణలో జరిగిన ఆ రికార్డింగ్‌లో ఇద్దరు లీడ్ గిటారిస్టులు, ఇద్దరు డ్రమ్మర్లు ఉన్నారు. ఇంతమంది ఒకేసారి వాయిస్తే గందరగోళం తప్పదని ఎవరైనా అనుకుంటారు. ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ ఆ భయాన్ని పోగొడుతుంది. రెండో గిటారిస్టు డికీ బెట్స్ స్వరపరచిన ఈ వాద్యరచనకు ఆ పేరు మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానవాటికలో ఉన్న ఒక సమాధి ఫలకం నుంచి వచ్చింది. బెట్స్ తన గిటారు శబ్దాన్ని సున్నా నుంచి పైకి తెస్తూ, తీగ మీటిన చప్పుడే లేకుండా, వయొలిన్‌ను తలపించే స్వరాలతో మొదలుపెడతారు. తరువాత డ్వేన్ గిటారు ఆయన గిటారుతో జతకూడి, ఇద్దరూ ఒకే బాణీని జంట స్వరాల్లో వినిపిస్తారు. బెట్స్, ఆపైన ఆర్గన్ మీద గ్రెగ్ ఆల్మన్, చివరకు డ్వేన్ వరుసగా తమ వంతు తీసుకుంటారు. డ్వేన్ తన వంతును అతి తక్కువ స్వరాలతో, దాదాపు సంకోచిస్తున్నట్టుగా ఆరంభించి, వెనుక ఉన్న లయ తనను ఎంత ఎత్తుకు మోయగలదో పరీక్షించుకుంటూ, ఒక్కొక్క మెట్టే ఎక్కుతారు. ఆ ఆరోహణలో బుచ్ ట్రక్స్ బండిని ముందుకు తోస్తుంటే, అంతకు ముందు ఓటిస్ రెడింగ్ వంటి గాయకుల వెంట వాయించి వచ్చిన రెండో డ్రమ్మర్ జైమో జాజ్ పద్ధతిలో దాని చుట్టూ చిన్న చిన్న అలంకారాలు అల్లుతారు.

నేను ఈ ఆల్బంలో పదే పదే వెతుక్కుని వినేది బెర్రీ ఓక్లీ బేస్ గిటారు. ‘విప్పింగ్ పోస్ట్’ ఆయన బేస్‌తోనే మొదలవుతుంది. మూడు, మూడు, మూడు, రెండు అని విడిపోయే పదకొండు లెక్కల నడక అది. వినే కాలు తడబడుతుంది కానీ వాయించే బ్యాండ్ తడబడదు. ఓక్లీ కూడా 1972 నవంబరులో, 24 ఏళ్ల వయస్సులోనే, డ్వేన్ మరణించిన చోటికి దగ్గరలోనే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కన్నుమూశారు. ఆ బ్యాండ్ ఆ తరువాత కూడా ఎంతో మంచి సంగీతం ఇచ్చింది. అయినా ఆ ఆరుగురి మధ్య ఉన్న గురి మళ్లీ అదే విధంగా కుదరలేదన్నది నా నిశ్చితాభిప్రాయం.

గ్రేట్‌ఫుల్ డెడ్ సంగతి వేరు. వారికి ఆల్మన్ సోదరుల కట్టుదిట్టం లేదు, ఉండాలని వారు కోరుకోనూ లేదు. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ‘వార్లాక్స్’ అన్న పేరుతో మొదలైన ఈ బృందంలో ఒక్కొక్కరిదీ ఒక్కొక్క దారి. జెర్రీ గార్సియా బాంజో నుంచి వచ్చినవారు. చిన్నతనంలో కట్టెలు కొడుతుండగా అన్న చేతి గొడ్డలి తగిలి కుడిచేతి మధ్యవేలు చాలా భాగం పోయినా, ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా ముత్యంలా పలికించే పద్ధతిని సాధించారు. ఫిల్ లెష్ ట్రంపెట్ వాయించి, ఇటలీ స్వరకర్త లూచానో బేరియో దగ్గర ఆధునిక స్వరరచన చదివి, బ్యాండ్‌లో చేరేదాకా బేస్ గిటారు పట్టి ఎరగనివారు. అందుకే ఆయన బేస్ ఎక్కడా పునాదిగా కూర్చోదు, గార్సియాతో సమానంగా సంభాషిస్తుంది. ఈ ఇద్దరి మధ్య బాబ్ వియర్ చేసిన పనికి దక్కవలసినంత గుర్తింపు ఎన్నడూ దక్కలేదు. జాజ్ వాద్యకారుడు మెకాయ్ టైనర్ పియానో మీద ఎడమచేత్తో వేసే కార్డులను (ఒకేసారి కలిపి పలికించే స్వరాలను) ఆదర్శంగా పెట్టుకుని, మామూలు రిథమ్ గిటారిస్టులు వెళ్లని చోట్లకు వెళ్లి, మిగిలిన ఇద్దరూ వదిలిన ఖాళీల్లో మాత్రమే ఆయన వాయించేవారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క వియర్‌నే అనుసరిస్తూ ఒక జామ్ వింటే, ఆ నిర్మాణమంతా ఎవరి భుజాల మీద నిలబడిందో తెలుస్తుంది.

‘డార్క్ స్టార్’ 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు దాని నిడివి మూడు నిమిషాలు కూడా లేదు. 1969 ఫిబ్రవరి 27న శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్‌లో అదే పాట 23 నిమిషాలయింది, ఆ రాత్రి రికార్డింగే ‘లైవ్/డెడ్’ ఆల్బంలో మొదటి వైపు. పాటకు సాహిత్యం ఉంది, రాబర్ట్ హంటర్ రాసినది, కానీ చరణం వచ్చేలోపు నిమిషాల కొద్దీ ప్రయాణం సాగిపోతుంది. ఎవరూ తొందరపడరు. గాంగ్ ఒకసారి దూరంగా మోగుతుంది, ఆర్గన్ ఒక పొరలా పరచుకుంటుంది, గార్సియా ఒక చిన్న వాక్యం పలికి ఆగుతారు, లెష్ ఆ వాక్యాన్ని కింద నుంచి తిప్పి అడుగుతారు. మొదటిసారి వినేవారికి ఇందులో ఏమీ జరగడం లేదని అనిపించవచ్చు. అది వినేవారి లోపం కాదు, ఈ సంగీతం ఓపికను ముందుగా అడిగి తరువాత ప్రతిఫలం ఇస్తుంది.

నా దృష్టిలో డెడ్ శిఖరకాలం 1972 నుంచి 1974 వరకు. అప్పుడు రెండో డ్రమ్మర్ మికీ హార్ట్ బ్యాండ్‌లో లేరు, బిల్ క్రోయిట్జ్‌మన్ ఒక్కరే డ్రమ్స్ వాయించేవారు. ఒకే డ్రమ్మర్ ఉన్నందున లయ ఎటు తిప్పితే అటు తిరిగేది. కీత్ గాడ్‌షో పియానో కూడా అప్పటికి బ్యాండ్‌లో కుదురుకుంది. 1972 ఆగస్టు 27న ఒరెగాన్‌లోని వెనీటాలో, ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే పాలడెయిరీకి సాయంగా ఆరుబయట ఒక కచేరీ చేశారు. ఆ డెయిరీని నడిపినది రచయిత కెన్ కేసీ సోదరుడు చక్ కేసీ. ఎండ ఎంత తీవ్రంగా ఉందంటే తీగలు శ్రుతిలో నిలవలేదు. అయినా ఆనాటి ‘డార్క్ స్టార్’ అరగంట పాటు ఎన్నో చీకటి మలుపులు తిరిగి, ఏ హెచ్చరికా లేకుండా, ‘ఎల్ పాసో’ అనే కౌబాయ్ పాటలోకి దిగుతుంది. అంతటి అమూర్త సంగీతం నుంచి అంతటి తిన్నని కథాగీతానికి ఒక్క గెంతులో చేరడం, ఆ గెంతులో బృందమంతా కలిసి నేలమీద కాలు మోపడం నన్ను నేటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆ కచేరీ ఆల్బంగా, చలనచిత్రంగా అధికారికంగా బయటికి రావడానికి 2013 దాకా పట్టింది.

ఇదే కాలంలో వారు ధ్వని కోసం పడిన తాపత్రయం వాల్ ఆఫ్ సౌండ్‌కు దారితీసింది. వారి ధ్వని నిపుణుడు ఔస్లీ స్టాన్లీ తదితరులు రూపొందించిన ఈ ధ్వనిగోడ పూర్తి రూపంలో 1974 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర కౌ ప్యాలెస్‌లో నిలబడింది. సుమారు 600 స్పీకర్లు, సుమారు 75 టన్నుల బరువు. దాని వైశాల్యం గురించే అందరూ చెబుతారు కానీ, అసలు విశేషం దాని స్థానంలో ఉంది. మామూలుగా స్పీకర్లు వేదికకు ముందు వైపు, ప్రేక్షకుల దిక్కుగా ఉంటాయి, సంగీతకారులకు వేరే చిన్న స్పీకర్లు పెడతారు. ఇక్కడ గోడ మొత్తం బ్యాండ్ వెనుక నిలబడింది, కాబట్టి ప్రేక్షకులు వినేదే వారూ విన్నారు. ఒక్కొక్క వాద్యానికీ సొంత స్పీకర్ల వరుస ఉండేది. అయితే వెనుక నుంచి అంత ధ్వని వస్తే అది మళ్లీ మైకులో పడి హోరెత్తాలి. దానికి వారు కనిపెట్టిన ఉపాయం ఆనాటి ఫోటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది: గాయకుడి ముందు రెండు మైకులు ఒకదాని కింద ఒకటి బిగించి, రెండింటినీ పరస్పరం వ్యతిరేక ఫేజులో (ఒకదాని తరంగం పైకి లేస్తే రెండోదానిది కిందికి దిగేలా) కలిపారు. గాయకుడు పెదవులు ఆనించి పై మైకులో మాత్రమే పాడతారు. గోడ నుంచి వచ్చే ధ్వని రెండు మైకుల్లోనూ సమానంగా పడి దాన్ని అదే రద్దు చేసుకుంటుంది, గొంతు ఒక్కటే మిగులుతుంది. ఆ గొంతు కొంచెం పలచబడిన మాట నిజమే. ఆ గోడను ఊరూరా మోయడానికయ్యే ఖర్చు, శ్రమ భరించలేనంతగా పెరగడంతో 1974 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్‌లో చేసిన అయిదు రాత్రుల కచేరీలతో దాని కథ ముగిసింది. బ్యాండ్ కూడా కచేరీలకు విరామం ఇచ్చింది. ఒకరినొకరు స్పష్టంగా వినడం కోసం ఇంత దూరం వెళ్లిన మరో రాక్ బృందం నాకు తెలియదు.

1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్‌లో జరిగిన డెడ్ కచేరీని సర్వోత్తమమని అనేకులు అంటారు. ‘స్కార్లెట్ బెగోనియాస్’ ఎక్కడ ముగిసిందో, ‘ఫైర్ ఆన్ ది మౌంటెన్’ రెండు కార్డుల నడక ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించలేము. చివర్లో వచ్చే ‘మార్నింగ్ డ్యూ’ను గార్సియా గుసగుస నుంచి ఉప్పెన దాకా తీసుకువెళ్లిన తీరుకు సాటి లేదు. నేను వెనీటాకే ఓటు వేస్తాను, అయినా కార్నెల్ ఎందుకు ఇంత ప్రసిద్ధమైందో నాకు తెలుసు. అందులో సగం ఘనత రికార్డింగ్ ఇంజనీరు బెట్టీ కాంటర్-జాక్సన్‌ది. సౌండ్‌బోర్డు (అన్ని మైకుల ధ్వనినీ కలిపే బల్ల) నుంచి ఆమె చేసిన రికార్డింగులు అంత నిర్మలంగా ఉంటాయి. ఆమె నిల్వచేసిన టేపులు అద్దె బకాయిల కారణంగా 1986లో వేలంలో పరుల చేతికి వెళ్లాయి, వాటి నకళ్లు అభిమానుల మధ్య పాకాయి. కార్నెల్ కచేరీ 2011 సంవత్సరానికి గాను అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరింది, అధికారిక ఆల్బంగా మాత్రం 2017లో వచ్చింది.

పెద్ద పేరున్న ప్రతి సందర్భమూ గొప్ప సంగీతం ఇవ్వలేదని కూడా చెప్పాలి. 1978 సెప్టెంబరులో ఈజిప్టులో పిరమిడ్ల ముందు, చివరి రాత్రి చంద్రగ్రహణంలో డెడ్ వాయించారు. దృశ్యం అద్భుతమే, కానీ క్రోయిట్జ్‌మన్ మణికట్టు విరిగి ఉంది, పియానో శ్రుతి నిలవలేదు, బ్యాండ్ ఆ టేపులను దశాబ్దాల పాటు పక్కన పెట్టింది. 1973 జూలై 28న వాట్కిన్స్ గ్లెన్‌లో డెడ్, ఆల్మన్ బ్రదర్స్, ‘ది బ్యాండ్’ అనే బృందం కలిసి సుమారు 6 లక్షల మంది ముందు వాయించినప్పుడు కూడా, నాకు నచ్చినది ముందురోజు ధ్వనిని సరిచూసుకునే సౌండ్‌చెక్‌లో డెడ్ ఏ పాటకూ చెందకుండా అప్పటికప్పుడు అల్లిన జామ్.

ఇవన్నీ ఈనాడు మనం మాట్లాడుకోగలగడానికి కారణం టేపులు. మొదట్లో అభిమానులు మైకులను దాచి తెచ్చుకునేవారు. పోనుపోను ఆ మైకుల స్తంభాలు సౌండ్‌బోర్డు ముందు ఎంతగా పెరిగాయంటే, ఇంజనీరుకు వేదిక కనపడకుండా పోయింది. 1984 అక్టోబరులో బ్యాండ్ ఆ అభిమానులను తరిమేయకుండా, సౌండ్‌బోర్డు వెనుక వారికోసం ప్రత్యేకమైన టిక్కెట్లు, చోటు కేటాయించింది. అమ్ముకోకూడదన్నది ఒక్కటే నియమం. అలా ఒక టేపుకు నకలు, ఆ నకలుకు నకలు పుట్టుకొచ్చాయి. నేను మొదట విన్న క్యాసెట్లు ఆ నకళ్లలో చివరి తరాలవే. తరం మారిన కొద్దీ బుస పెరిగేది, డ్రమ్స్ తాళాల మెరుపు మాసిపోయేది, 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలే గనుక జామ్ మంచి పట్టులో ఉండగా టేపు తిరగబడే చోట పుటుక్కున తెగేది. అట్ట మీద ఎవరో శ్రద్ధగా రాసిన పాటల పేర్ల మధ్య చిన్న బాణం గుర్తు ఉండేది. పాట ఆగకుండా మరొకదానిలోకి మారిందని దాని అర్థం. నేను పేర్లకన్నా ముందు ఆ బాణాల కోసమే చూసేవాడిని.

డెడ్ చివరి సంవత్సరాల్లో బాధ ఎక్కువ, వెలుగు తక్కువ. 1986 జూలైలో గార్సియా మధుమేహంతో కోమాలోకి వెళ్లి, కోలుకున్న తరువాత కీబోర్డు వాద్యకారుడైన మిత్రుడు మెర్ల్ సాండర్స్ సాయంతో గిటారును మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. 1987లో వారి పాట ఒకటి హిట్ కావడంతో స్టేడియంలు నిండిపోయాయి, వినడానికి కాకుండా జాతరకు వచ్చేవారు పెరిగారు. అయినా 1990 మార్చి 29న నసావ్ కొలిజియంలో జాజ్ విద్వాంసుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ శాక్సోఫోన్‌తో వేదికెక్కి, రిహార్సల్ లేకుండా, ‘బర్డ్ సాంగ్’లో గార్సియా వాక్యాలను మధ్యలో అందుకుని పూర్తిచేసిన తీరు వింటే, ఆ బృందంలోని చెవులు ఇంకా మేలుకునే ఉన్నాయని తెలుస్తుంది. కొన్ని నెలలకే కీబోర్డు వాద్యకారుడు బ్రెంట్ మిడ్‌ల్యాండ్ మరణించారు. 1995 జూలై 9న షికాగోలో చివరి కచేరీ, ఆగస్టు 9న గార్సియా మరణం.

అప్పటికే వర్మాంట్‌లో 1983లో పుట్టిన ఫిష్ అనే బ్యాండ్ తన సొంత దారి వేసుకుంది. వీరిని డెడ్ వారసులుగా మాత్రమే చూడడం అన్యాయం. వినడాన్ని వీరు ఒక సాధనగా, కసరత్తుగా చేశారు. రిహార్సల్‌లో ఒకరు చిన్న పదం మొదలుపెడతారు, మిగిలిన ముగ్గురూ దానికి అమరేలా తమ పదాలు చేరుస్తారు. అందరి వాద్యమూ తన చెవికి ఒకటిగా వినిపించిందని నమ్మకం కలిగినప్పుడు ఒక్కొక్కరూ ‘హే’ అంటారు. నలుగురూ అన్న తరువాతే తరువాతి వ్యక్తి మార్పు తెస్తారు. ఈ సాధన ఫలం 1997 శరదృతువు కచేరీల్లో నాకు బాగా వినిపిస్తుంది. ట్రే అనస్టాసియో అంతటి గిటారిస్టు ముందుకు రాకుండా లయలో భాగమై, మైక్ గోర్డన్ బేస్‌కూ పేజ్ మెకానెల్ కీబోర్డుకూ దారి ఇచ్చారు. 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి ఫ్లోరిడాలోని బిగ్ సైప్రస్‌లో మొదలుపెట్టిన సెట్‌ను కొత్త సంవత్సరపు సూర్యోదయం దాకా, ఏడు గంటలకు పైగా కొనసాగించారు. తెల్లవారుజామున అలసట వచ్చేసరికి ఆడంబరం రాలిపోయి సంగీతం నెమ్మదించి తేటబడుతుంది, ఆ గంటలే నాకు ఇష్టం. 2004లో వర్మాంట్‌లోని కోవెంట్రీలో వీడ్కోలు పేరుతో చేసిన కచేరీలు వినడం మాత్రం కష్టం, ఒకరి మాట ఒకరికి చేరడం లేదని స్పష్టంగా తెలిసిపోతుంది. 2009లో తిరిగి కలిసిన తరువాత, 2017లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు ఒక్క పాటనైనా రెండోసారి వాయించకుండా 237 పాటలు వినిపించినప్పుడు ఆ చెవులు తిరిగి వచ్చాయి.

వైడ్‌స్ప్రెడ్ పానిక్, బ్లూస్ ట్రావెలర్ వంటి జామ్ బ్యాండ్లవారిని 1992లో మొదలైన హోర్డ్ అనే ఉమ్మడి కచేరీల యాత్ర ఒక తాటి మీదకు తెచ్చింది. వారిలో నేను మనసారా గౌరవించేది కర్నల్ బ్రూస్ హాంప్టన్‌ను. జనానికి పెద్దగా తెలియకపోయినా, అమెరికా దక్షిణాది యువ సంగీతకారులకు అహంకారం వదిలి వాయించడం నేర్పిన గురువు ఆయన. 2017 మే 1న అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్‌లో, తన 70వ పుట్టినరోజు కచేరీలో, శిష్యులందరూ చుట్టూ వాయిస్తుండగా ఆయన వేదిక మీద కుప్పకూలారు. అది ఆయన మార్కు అభినయమని భావించి కొన్ని నిమిషాలు సంగీతం సాగింది. ఆ రాత్రే ఆయన మరణించారు.

ఈ సంగీతంలోకి కొత్తగా అడుగుపెట్టాలనుకునేవారికి నేను అరగంట ‘డార్క్ స్టార్’ ఇవ్వను. ఫిల్‌మోర్ ఈస్ట్‌లోని ‘ఎలిజబెత్ రీడ్’ 13 నిమిషాలు వినమంటాను. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి గిటార్లను వదిలేసి ఓక్లీ బేస్‌ను మాత్రమే పట్టుకోండి. మూడోసారి, డ్వేన్ వంతు మొదలయ్యాక, డికీ బెట్స్ వెనుక ఏం చేస్తున్నారో వెతకండి. ఆ తరువాత వెనీటాకు వెళ్లండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో (archive.org వెబ్‌సైటు) ప్రేక్షకుల మధ్య నుంచి చేసిన డెడ్ రికార్డింగులు వేల సంఖ్యలో ఉన్నాయి, వాటిలో జాబితాను చూసి, పేర్ల మధ్య బాణం గుర్తులు ఎక్కువగా ఉన్న రాత్రిని ఎంచుకోండి.